అలసటలో ఇంటి వాటా

సాల్మన్ రాజు ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతూ ఈల వేస్తున్నాడు. ఎదురుగా కుర్చీలో కదలకుండా కూర్చున్న కమలినికి పిక్కలు లాగేస్తున్నాయి. కాసేపటికి నడుం వాలిపోయింది. ఆ తర్వాత మంచినీళ్ల సీసా మూత తిప్పడానికి కూడా వేళ్లు లొంగలేదు.

"ఆపేయనా మేడమ్? మీ మొహం పాలిపోయింది," అన్నాడతను. గొంతులో ఆయాసం లేదు.

"ఆపొద్దు. ఇంకాస్త పరిగెత్తండి," అంది కమలిని రొప్పుతూ.

మిషను ఆగాక సాల్మన్ తన మణికట్టు మీదున్న బూడిదరంగు పట్టీనీ, ఆమె చేతికున్న దాని జతనీ మార్చి మార్చి చూసుకున్నాడు. కమలిని బల్ల మీద తల ఆనించి, "వచ్చేసింది సాల్మన్. మీ పరుగంతా నా ఒంట్లోకి వచ్చేసింది," అంది. సంతోషించాల్సిన సమయమని ఆమెకు తెలుసు. కానీ ఓపిక లేదు.

వాళ్లిద్దరూ పనిచేసేది విశాఖపట్నంలోని ఒక చిన్న పరిశోధన కేంద్రంలో. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య నలిగే మనుషుల మీద అధ్యయనం చేయడం, ప్రభుత్వానికి సలహాలివ్వడం ఆ కేంద్రం పని. రాత్రి డ్యూటీలు చేసే నర్సుల మీద, పసిపిల్లల తల్లుల మీద, సెలవు దొరకని డ్రైవర్ల మీద ఏళ్ల తరబడి నివేదికలు రాశారు. ప్రతి నివేదికా చివర ఒకే మాట: పని గంటలు తగ్గించండి, ఇంట్లో మనిషిని చూసుకోవడానికి సెలవివ్వండి. ఆఫీసర్లు అట్ట తిరగేసి, బాగుందని చెప్పి, అలమరలో పెట్టించేవారు.

కమలిని శరీరశాస్త్రం చదివిన మనిషి. కాగితం మీద అలసటని ఎంత రాసినా చదివేవాడికి అలుపు రాదని ఆమెకు విసుగు పుట్టింది. ఒక్కసారి వాళ్లకి తెలిసేలా చేయగలిగితే చాలనుకుంది. ఆ విసుగులోంచి పుట్టింది ఈ జోడుపట్టీ. ఒళ్లు అలసిందన్న కబురు నరాల వెంట మెదడుకి వెళ్తుంది. ఆ కబురును పట్టీ దారిలోనే పట్టుకుని రెండో పట్టీకి అందిస్తుంది. మొదటి మనిషికి ఏమీ తెలీదు. రెండో మనిషి ఒళ్లు అది తన అలసటే అని నమ్మేస్తుంది. గుండె, ఊపిరి, కండరాలు అన్నీ దానికి తగ్గట్టే నడుచుకుంటాయి. అలసట తగ్గదు, చోటు మారుతుంది.

కమిటీ ముందు పెట్టాలంటే ఇళ్లలో కొన్ని నెలలు వాడి చూపించాలి. బయటివాళ్ల మీద ప్రయోగానికి అనుమతి రాలేదు. ఇష్టమైతే సిబ్బంది తమ ఇళ్లలో వాడుకోవచ్చన్నారు. అలా పట్టీల జత గాజువాకలోని కమలిని ఇంటికి చేరింది.

కమలిని భర్త సన్యాసిరావు ఓ ప్రైవేటు రేవులో క్రేన్ ఆపరేటరు. ఓడల మీది కంటైనర్లను దించే పని. అంత ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, కాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూ డ్యూటీ అంతా గడపాలి. అతని తల్లి పైడమ్మ వాళ్లతోనే ఉంటుంది. తొమ్మిదేళ్ల హర్షిత బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండే మనిషి ఆమే.

మొదటిసారి సన్యాసిరావు తన సెలవురోజున పట్టీ కట్టుకున్నాడు. సాయంత్రం కమలిని ఆఫీసు నుంచి మెట్లెక్కి వస్తుంటే అతను సోఫాలో కూలబడి, "ఓర్నాయనో, రోజూ ఇలాగే వస్తున్నావా నువ్వు?" అన్నాడు.

"రోజూ ఇంతే."

"చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు నిద్రపోతూ విన్నారు."

అతను నవ్వబోయి ఆవలించాడు. ఆ సాయంత్రం కమలిని కూతురితో డాబా మీద తాడాట ఆడింది. పిల్ల ముందు నమ్మలేదు, తర్వాత వదల్లేదు. తాడు తిప్పుతూ తిప్పుతూ ఇంటి పక్క స్టీల్‌ప్లాంటు వైపు ఎర్రబడిన ఆకాశం చూసి, తను ఈ వేళప్పుడు ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో అనుకుంది కమలిని. సన్యాసిరావు భోజనమన్నా చేయకుండా నిద్రపోయాడు.

కానీ అతనికి వారానికి ఒక్కటే సెలవు. డ్యూటీ ఉన్న రోజు ఇంకొకరి అలసట ఒంట్లో పెట్టుకుని క్రేనెక్కడం కుదరదు. ఆ మాటే భార్యాభర్తలు అనుకుంటుంటే, వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న పైడమ్మ తలెత్తింది.

"నాకు కట్టండమ్మా. నానేటి సేస్తన్నాను ఇంట్లో? కూకోడవే గదా."

"ఒద్దే అమ్మా. ఈ వయసులో నీకెందుకు?" అన్నాడు కొడుకు.

"ఊరుకోరా. మీ అయ్య బతికున్నప్పుడు జూట్‌మిల్లుకి క్యారేజీ మోసుకెల్లి, ఆ చేత్తోనే నిన్నెత్తుకుని వొచ్చీదాన్ని. ఇదేటి బరువు?"

మీటింగులున్న రోజుల్లో మాత్రమే అనుకున్నారు. కమలిని ఆ మాట గట్టిగానే చెప్పింది. అయితే కేంద్రంలో మీటింగు లేని రోజు లేదు. కొన్నాళ్లకి పొద్దున్నే టిఫినుతో పాటు అత్తగారి చేతికి పట్టీ కట్టడం ఆ ఇంట్లో అలవాటైంది. ఆ తర్వాత రేవులో మనుషులు తక్కువై సన్యాసిరావుకి వరసగా రెండు డ్యూటీలు పడ్డాయి. రెండో డ్యూటీలో కన్ను మూతపడితే కింద నలుగురు చచ్చిపోతారని భయపడ్డాడు. కమలిని కేంద్రం నుంచి ఇంకో జత తేగా, పైడమ్మే రెండో చెయ్యి చాపింది.

"ఇదీ కట్టీ. పైనుండి పడిపోతావన్న బెంగ కన్నా ఇదే నయం నాకు."

ఇంట్లో అందరూ హుషారుగా ఉన్నట్టే అనిపించేది. కమలిని మాత్రం ఒక సంగతి గమనించింది, గమనించి పక్కన పెట్టింది. మొదటి వారం తర్వాత ఆమె డాబా మీదికి వెళ్లలేదు. ఒంట్లో సత్తువ ఉంది కదా అని అన్నం తినగానే లాప్‌టాప్ తెరిచేది. పూర్వం అలుపొచ్చి మూసేసేది, ఇప్పుడు మూయాల్సిన వేళ తెలియట్లేదు. నివేదిక సగం అయింది. సన్యాసిరావు కూడా అంతే. రెండు డ్యూటీలు చేసొచ్చి కూడా నిద్రపట్టక ఫోను చూస్తూ కూర్చునేవాడు. తన ఆపరేటరు ఇప్పుడు అసలు అలిసిపోవట్లేదని సూపర్‌వైజరు గొప్పగా చెప్పుకున్నాడని ఓ రోజు నవ్వుతూ చెప్పాడు.

హర్షిత ఒకసారి లెక్కలు చేసుకుంటూ అంది: "అమ్మా, మామ్మ ఇప్పుడు కథ మధ్యలో ఆపేస్తోంది."

"నిద్రొస్తుందేమోలే."

"నిద్ర కాదు. నోరు తిరగట్లేదంట."

కమలిని స్క్రీన్ మీంచి తలెత్తి, "రేపు అడుగుతాను," అంది. ఆ రేపు కమిటీ కోసం గ్రాఫుల పటాలు తయారుచేయడంలో గడిచిపోయింది.

కేంద్రంలో సాల్మన్ ఆ పటాల్ని చూసి, "మేడమ్, ఇచ్చేవాళ్ల గీతలన్నీ చక్కగా కిందికి దిగాయి. తీసుకునేవాళ్ల గీత ఏది?" అని అడిగాడు.

"అత్తయ్యది. ఆవిడ ఇంట్లోనే ఉంటారు కదా, విశ్రాంతి ఉంది."

"కొలిచామా?"

కొలవలేదు. ఈ కేంద్రం కొలిచేది ఉద్యోగాలు చేసేవాళ్లని. ఉద్యోగం లేని మనిషిని వేయడానికి వాళ్ల పట్టికల్లో గడి లేదు. కమలిని సమాధానం చెప్పేలోపు ఫోను మోగింది. హర్షిత బడి బస్సు ఆయా.

ఒంటిపూట బడి రోజులు. బస్సు ఆగే చోట మనవరాలిని దింపుకుని నాలుగడుగులు వేసి, పైడమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు మీదే కూర్చుండిపోయింది. లేవబోతే కాళ్లు మాట వినలేదు. హర్షిత బ్యాగులోంచి అట్ట తీసి ఆమె తలకి నీడ పట్టి, లారీలు పక్కనుంచి పోతుంటే ఏడవకుండా నిలబడింది. ఆయా చూసి పరిగెత్తుకొచ్చే సరికి పైడమ్మ కళ్లు తేలేసింది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు రిపోర్టులు చూసి అయోమయపడ్డాడు. "ఈవిడ ఏం పని చేస్తారు? గుండె ఇలా అరిగిపోయిందంటే మూటలు మోసే పనో, రెండు పూటలా మిల్లు పనో చేస్తుండాలి."

"ఇంట్లోనే ఉంటారు," అన్నాడు సన్యాసిరావు. ఆ మాట తనకే వినపడి తలదించుకున్నాడు.

పైడమ్మ చేతులకి పట్టీలు ఇంకా ఉన్నాయి. నర్సు విప్పబోతే కమలిని ఆపింది. ఫోను రాగానే విప్పి సంచిలో వేసుకున్న తన పట్టీ తీసి మణికట్టుకి చుట్టుకుని, దాని మీది మీట వెనక్కి తిప్పింది. ఇప్పుడు అత్తగారి నుంచి ఆమెకి రావాలి. కడుపు నిండా గాలి పీల్చుకుని, తను ఇచ్చిందీ భర్త ఇచ్చిందీ తిరిగొస్తాయని సిద్ధపడి కూర్చుంది.

అవే వచ్చాయి ముందు. కళ్ల వెనక మంట, మెడ నరాల లాగుడు ఆమెవి. నడుం కింద మొద్దుబారడం, భుజాల బిగుతు భర్తవి. పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. అక్కడితో అయిపోతుందనుకుంది, కాలేదు. వాటి కింద ఇంకొకటుంది. మోకాళ్ల లోపల, అరచేతుల గీతల్లో, చంకల కింద ఎప్పటినుంచో పేరుకున్న అలుపు. అది నొప్పి కాదు. నిద్రపోతే పోయేదీ కాదు. నీళ్లు తోడిన అలుపు, పొద్దున్నే అందరికన్నా ముందు లేచిన అలుపు, ఎవరన్నా పిలుస్తారని ఓ చెవి తెరిచి పడుకున్న అలుపు. కమలిని మంచం పట్టె పట్టుకుని నేల మీదికి జారింది.

"అత్తయ్యా, ఇది ఎప్పటిది?"

పైడమ్మ కళ్లు తెరిచింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటగా ఉంది. కోడలి చేతి పట్టీ చూసి విషయం గ్రహించింది.

"ఏటోనమ్మా, గుర్తు నేదు. పెల్లైన కాడ్నించీ ఉన్నట్టే ఉంది. తీసీ, నీకెందుకది?" అని చెయ్యి లాక్కోబోయింది. తర్వాత నెమ్మదిగా, "ఒళ్లు ఇలగ తేలిగ్గుంటాదేటి అందరికీ?" అని అడిగింది.

కమలిని ఆ చెయ్యి వదల్లేదు. పక్కనే నిలబడ్డ సన్యాసిరావు గోడవైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

పైడమ్మ బతికింది. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు అన్నారు. ఇంట్లో పట్టీలు విప్పేశారు. మొదటి సాయంత్రమే కమలినికి తన అలసట తనకి వచ్చేసింది. అన్నం కలుపుతూ కలుపుతూ కంచం మీదే కునికింది.

కమిటీ సమావేశం ముందు ఆమె నివేదిక చివరి భాగమంతా మార్చేసింది. పట్టీని ఇళ్లలో వాడటానికి వీల్లేదు, కొలతకి మాత్రమే వాడాలి, పని గంటలు తగ్గించడం తప్ప దారి లేదు అని రాసింది. ఆస్పత్రిలో తన పట్టీ నమోదు చేసుకున్న పైడమ్మ అలసటని యథాతథంగా తీసుకెళ్లింది. భర్తదీ తనదీ వేరుచేసి, ఆమెది మాత్రమే మిగిల్చింది.

కమిటీ అధ్యక్షురాలు వైదేహి గారు ముప్పై ఏళ్లు ప్రభుత్వంలో పెద్ద పదవులు చేసిన మనిషి. మాటలో కరుకుదనం లేదు. కమలిని చెప్పేదంతా శ్రద్ధగా విని, తనే చెయ్యి చాపింది. "కట్టండమ్మా. చూస్తే కదా తెలిసేది."

పట్టీ పనిచేయడం మొదలైన కాసేపటికి ఆవిడ వీపు కుర్చీకి ఆనింది. చేతిలో పెన్ను జారింది. కళ్లలోంచి నీళ్లు బుగ్గల మీదికి వచ్చినా తుడుచుకోలేదు. గదిలో ఉన్న యాజమాన్యాల ప్రతినిధులు, ఆఫీసర్లు బల్ల మీదికి చూపులు దించుకున్నారు. ఇన్నేళ్ల నివేదికలు చేయలేని పని ఇదిగో ఇప్పుడయిందనుకుంది కమలిని.

పట్టీ విప్పాక వైదేహి గారు నీళ్లు తాగి అంది: "మా బాబు చిన్నప్పుడు నేను కలెక్టరాఫీసులో ఉండేదాన్ని. ఇంటికెళ్లేసరికి వాణ్ణి ఎత్తుకునే ఓపిక ఉండేది కాదు. వాడు నా కొంగు లాగి లాగి నిద్రపోయేవాడు. ఇప్పుడు ఎత్తుకుందామంటే వాడు నాకంటే పొడుగు." కళ్లజోడు తుడుచుకుంది. "ఈ పట్టీ ఆనాడు ఉంటే మా అమ్మ సంతోషంగా కట్టుకునేది. నేనూ సంతోషంగా ఇచ్చేదాన్ని."

"అమ్మగారికి ఎలా ఉండేదో ఇప్పుడే చూశారు కదండీ," అంది కమలిని.

"చూశానమ్మా. అందుకే చెప్తున్నాను. ఇంత బరువు ఒక్కరి మీదే ఉండకూడదు. పంచుకోవాలి."

ఆ మాట ఎటు పోతోందో కమలినికి అప్పటికి అర్థమైంది. "పంచుకోవాల్సింది ఇంట్లోవాళ్లు మాత్రమేనా మేడమ్? పనిచేయించుకునేవాళ్లు కాదా?"

"గంటలు తగ్గించమంటే ఎవరూ ఒప్పుకోరు. ఇరవయ్యేళ్లుగా మీ నివేదికలు నేనూ చదువుతున్నాను. ఇదైతే ఒప్పుకుంటారు. ఏదో ఒకటి దొరికింది కదా ఆడవాళ్లకి." ఆవిడ గొంతులో వంచన లేదు. నిజంగానే మేలు చేస్తున్నాననుకుంది. కమలినికి ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది.

ఉద్యోగి అలసటని ఇంట్లోవాళ్లకి పట్టీతో పంచే తీర్మానానికి 'ఇంటి వాటా' అని పేరు పెట్టారు. ఇష్టమున్నవాళ్లే కట్టుకోవాలి, అరవై దాటినవాళ్లకి కట్టకూడదు అని రెండు షరతులు చేర్చారు. కమలిని పోరాడి సాధించిందల్లా ఆ రెండో షరతు. మెట్లు దిగుతూ సాల్మన్, "పైడమ్మ గారి లాంటివాళ్లు తప్పించుకున్నారు కదా మేడమ్," అన్నాడు ఓదార్పుగా.

"యాభై తొమ్మిదేళ్ల వాళ్లు?" అంది ఆమె.



పట్టీల తయారీ ఒక కంపెనీకి వెళ్లింది. కేంద్రం కమలినిని ఆ ప్రాజెక్టు నుంచి తప్పించి, మళ్లీ సర్వేల విభాగంలో వేసింది. ఆమె రాజీనామా చేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె చేయలేదు. ఉద్యోగం లేని మనుషుల కోసం కొత్త పట్టిక గీసుకుని, ఇంటింటికీ తిరిగి తలుపు తట్టే పని మొదలుపెట్టింది. తలుపు తీసిన ఆడమనిషి మామూలుగా, "నేనేం చేయనండీ, ఇంట్లోనే ఉంటాను," అనేది. కమలిని చెప్పులు విప్పి లోపల కూర్చుని, "పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి," అనేది. ఆ నివేదిక కూడా అలమరలోకే పోవచ్చు. అది తలుచుకుంటే ఒళ్లు బరువెక్కేది. అయినా మర్నాడు ఇంకో వీధికి వెళ్లేది.

సన్యాసిరావు రేవులో 'ఇంటి వాటా' మొదలైంది. ఇంట్లో జోడుపట్టీ కట్టుకునే మనిషి ఉన్నవాళ్లకే క్రేన్ అన్నారు. ఒక ఆదివారం అతను మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాడు. కంచాలు వేసి ఉన్నాయి. చేయి కడుక్కుని కూర్చుని, ముద్ద కలుపుతూ చెప్పాడు.

"సూపర్‌వైజరు పిలిచాడు. ఇంట్లో ఎవరున్నారు, ఒక పేరు చెప్పు అన్నాడు."

కమలిని గరిటె ఆపింది. తన పేరు చెప్పి ఉంటాడనుకుంది. చెప్పినా తప్పుపట్టలేనని కూడా అనుకుంది.

"నువ్వేటన్నావు?" అంది పైడమ్మ.

"ఎవరూ లేరన్నాను."

"అదేట్రా? మేం ముగ్గురం లేమేటి?"

"వాడూ అదే అడిగాడు. మొన్న అమ్మకి బాగోలేదని సెలవెట్టావు, పెళ్లాం ఉంది, పిల్లుంది, లేరంటావేంటి అని. ఉన్నారండి, కానీ మా ఇంట్లో అలిసిపోడానికి ఖాళీగా ఎవరూ లేరండి అన్నాను."

కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"క్రేన్ మీంచి దింపేశాడు. యార్డులో వేశాడు. లారీల లెక్క చూసుకునే పని," అన్నాడతను. క్రేన్ అంటే అతనికి ప్రాణమని ఇంట్లో అందరికీ తెలుసు. ఎత్తునుంచి సముద్రంలోకి సాగిపోయే ఓడల సంగతులు ఇక హర్షితకి చెప్పలేడు. పైడమ్మ తన కంచంలోని వేపుడు చేప ముక్క తీసి కొడుకు కంచంలో పెట్టింది. అతను వద్దనకుండా తిన్నాడు.

తిన్నాక ఎవరూ లేవలేదు. పైడమ్మ అలవాటు కొద్దీ గిన్నెల వైపు చెయ్యి చాపబోతే కమలిని ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తనూ లేవలేదు. గిన్నెలు అలాగే ఉండిపోయాయి. నలుగురూ హాలులో ఫ్యాను కింద చాపలు పరుచుకుని పడుకున్నారు. సన్యాసిరావు అప్పుడే గురక పెట్టాడు.

హర్షితకి నిద్ర రాలేదు. తల్లి పక్కకి జరిగి, ఆమె మణికట్టు ఎత్తి చూసింది. అక్కడ ఏమీ లేదు.

"ఆడుకుందామా అమ్మా?"

"లేవలేనమ్మా. అలిసిపోయాను."

పిల్ల కాసేపు ఆలోచించింది. "ఎవరిది?"

"నాదే," అంది కమలిని.

హర్షిత నమ్మినట్టు తలూపి, ఆమె చేతి మీద తల పెట్టుకుని పడుకుంది.